శనివారం మెరుగు, ఆదివారం బ్రేకు

ఆదివారం పొద్దున్న, సంత కిటకిటలాడుతున్న వేళ, ఓర్ఫిలియా మోటారుసైకిలు తిన్నగా వెళ్ళి అరటికాయల గుట్టలో దూరింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే సాయంత్రానికల్లా లా కుచియా ఊరంతా ఆవిడ ఇద్దరు మనుషుల్నీ ఒక మేకనీ గుద్దేసిందని చెప్పుకుంది. మన ఊరి నోళ్ళు అలాంటివి. ఆవిడ గుద్దింది అరటికాయల్ని. అవీ పచ్చివి, వాటికీ ఏమీ కాలేదు. పోయినవల్లా బండికి రెండు పక్కలా కట్టిన బుట్టల్లోని అరేపాలు. తెల్లవారకముందే లేచి, ఉడికించిన మొక్కజొన్నలు రుబ్బి, గుండ్రంగా తట్టి, బొగ్గుల మీద కాల్చిన రొట్టెలవి. అన్నీ సంత నేల మీద దొర్లాయి. కుక్కలకి పండగైంది.

"పట్టాను! బ్రేకు పట్టాను! ఆగలేదు!" అని అరిచింది ఓర్ఫిలియా. రెండు చేతులూ ఇంకా హ్యాండిలుకే అతుక్కుని ఉన్నాయి.

పక్క కొట్లో కాఫీ తాగుతున్న మరిది ఎవెలియో కప్పు దించకుండానే నవ్వాడు. "పడితే ఎందుకాగదు వదినా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతిలో సత్తువ లేక బ్రేకునంటే ఎలా?"

సంతంతా నవ్వింది. అరటికాయలామె కూడా నవ్వింది. ఓర్ఫిలియాకి ఒళ్ళు మండిపోయింది. తెల్లారగట్ల నుంచి రోలు ముందు కూర్చుని రుబ్బే చెయ్యి అది. సత్తువ లేదట! కానీ అరటికాయల మధ్యలో కూర్చుని ఎవరితో వాదిస్తుంది? బండి వెనక్కి లాక్కుని, మిగిలిన నాలుగు అరేపాలూ ఏరుకుని, కొండెక్కి ఇంటికొచ్చింది.

ఆవిడ ఇల్లు పైన కొండ అంచున. సంతా చర్చీ ఏమో కింద. మధ్యలో ఉన్నది రెస్బలోసా. ఆ వాలుకి జారుడుదని అర్థం వచ్చే పేరు ఊరికే పెట్టలేదు. వానొస్తే మనుషులే కూర్చుని దిగాల్సిన చోటది. ఓర్ఫిలియా పుట్టింది ఆ వాలు మీదే అనుకోవచ్చు. తండ్రి రామిరో కంచరగాడిదల మీద కాఫీ మూటలు కిందికి తోలేవాడు, ఈవిడ చిన్నప్పుడు వాటి తోకలు పట్టుకుని వెనకే దిగేది. "దిగుడు దారిలో జీను పట్టీ ఎవడు బిగించాడని అడక్కమ్మా. నీ వేలు దూర్చి నువ్వే చూసుకో," అనేవాడు ఆయన. ఆయన పోయాడు, గాడిదలూ పోయాయి.

ఆ తర్వాత లిబార్దోని కట్టుకుంది. కష్టపడే మనిషే. కాఫీ తోటలో కూలి చేసి, కూడబెట్టి, మోటారుసైకిలు కొన్నాడు. ఒకసారి కోతల కాలంలో మూటతో సహా వాలు మీంచి దొర్లాడు. మోకాలు మళ్ళీ సరిగ్గా వంగలేదు. అప్పుడు ఓర్ఫిలియా, నలభై దాటిన ఆడమనిషి, ఫుట్‌బాల్ మైదానంలో కిందా మీదా పడి బండి నేర్చుకుంది. ఊరు నవ్వింది. నవ్వనీ. ఆ బండి మీదే కింది కొట్లన్నిటికీ అరేపాలు వేసి, ఇల్లు నడుపుతోంది.

చిక్కల్లా ఒక్కటే. బండి కాగితాలు లిబార్దో పేరున ఉన్నాయి, లిబార్దో చెవులు తల్లి దగ్గరా తమ్ముడి దగ్గరా ఉన్నాయి.

ఆ సాయంత్రం అందరూ వంటింట్లో చేరారు. బెల్లం నీళ్ళు కాగుతున్నాయి. ఎవెలియో పిలవకపోయినా వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"అన్నా, బండి అమ్మెయ్. కింద ఊళ్ళో నాకు తెలిసినాయన కొంటానంటున్నాడు. కార్మెన్ మాత పండక్కి ఊరేగింపు చూడ్డానికి వస్తాడు. అప్పుడే బండీ చూస్తాడు," అన్నాడు.

"అమ్మేస్తే అరేపాలు ఎవరు దింపుతారు? నీ మీసాలా?" అంది ఓర్ఫిలియా.

"నా బండి మీద నేను దింపిస్తాలే వదినా, నాకెంతో కొంత ఇచ్చుకుందువుగాని. ప్రాణం ముఖ్యమా, పంతం ముఖ్యమా?"

"బండిది తప్పు కాదురా," అని అందుకుంది అత్తగారు రొసాల్బా, పూసల దండ తిప్పుతూనే. "హ్యాండిలుకి కట్టిన కార్మెన్ మాత తాయెత్తు వెలిసిపోయింది. డ్రైవర్లని కాచే తల్లికి వెలిసిన గుడ్డ కడితే ఆ తల్లి మాత్రం ఏం చూస్తుంది, ఎలా కాస్తుంది?"

ఓర్ఫిలియా మొగుడి మొహం చూసింది. లిబార్దో గరిటె వంక చూశాడు. మంచివాడు, కాదనను. కానీ ఆ మనిషి చేత ఒక మాట చెప్పించడం కంటే కంచరగాడిద చేత నిచ్చెన ఎక్కించడం తేలిక.

"నేను బాగుచేస్తాను," అన్నాడు చివరికి. "ఇంట్లోనే. మెకానిక్కుకి ఇచ్చే పనే లేదు. పండగ లోపల ఆగితే ఉంచుకుందాం. ఆగకపోతే… చూద్దాం."

ఆ చూద్దాంలోనే ఓర్ఫిలియా బతుకు వేలాడింది. బండి పోతే మళ్ళీ ఎవెలియో వీలు చూసుకోవాలి, ఎవెలియో కాఫీ తాగడం అయ్యేదాకా ఆగాలి, ఎవెలియో లెక్క చెప్పినంతే తీసుకోవాలి. మైదానంలో చర్మం గీరుకుపోయి నేర్చుకున్నది ఇందుకా?

ఇక లిబార్దో వైద్యం మొదలైంది. మరియ తల్లీ, ఆ వైద్యం!

మొదట, ముందు బ్రేకు గొట్టంలో గాలి చేరిందన్నాడు.

"లీవరు పట్టుకుని చూడవయ్యా," అంది ఓర్ఫిలియా. "రాయిలా ఉంది. గాలుంటే మెత్తగా లోపలికి దిగిపోవాలి కదా? ఇది గట్టిగానే పడుతోంది. పట్టినా ఆగట్లేదు."

"నీకేం తెలుసే? నేను ఈ బండి నడిపినప్పుడు నువ్వు పేడ ఎత్తుతున్నావు."

గాలి తీశాడు. మళ్ళీ తీశాడు. గాలి రాలేదు, ఉంటే కదా రావడానికి. బ్రేకు ఆయిలు మాత్రం టాంకు మీద ఒలికి, అక్కడ రంగు లేచిపోయింది. బ్రేకు సంగతి పక్కన పెట్టి, ఆ రంగు కోసం ఒక పూటంతా ఏడుపు మొహం పెట్టుకుని తిరిగాడు మహానుభావుడు.

తర్వాత వెనక బ్రేకు మీద పడ్డాడు. కడ్డీ చివర నట్టు బిగించాడు, బిగించాడు, బిగించాడు. పెడలు తొక్కకుండానే చక్రం రాసుకోవడం మొదలెట్టింది. సంతకి వెళ్ళొచ్చేసరికి డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలింది, బండి ఎక్కుడులో ముక్కింది, బ్రేకు తొక్కితే మాత్రం ఆగలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అచ్చం అదే.

చివరికి ముందు బ్రేకుకి కొత్త ప్యాడ్లు తెచ్చి వేశాడు. వేసిన వారం బండి చక్కగా ఆగింది. లిబార్దో కుంటుతూనే వీధి చివరిదాకా వెళ్ళి అందరికీ చెప్పుకొచ్చాడు. ఆదివారం పొద్దున్న ఓర్ఫిలియా బుట్టలు కట్టుకుని రెస్బలోసాలో దిగింది. మళ్ళీ అదే! లీవరు గట్టిగా పడింది, బండి జారుకుంటూ పోయింది. ఈసారి ముందే అనుమానపడి మొదటి గేరులో ఉంది కాబట్టి అరటికాయలు బతికాయి.

"చూశావా అన్నా?" అన్నాడు ఎవెలియో. "కొత్తవి వేసినా అంతే. ఇంకేం మిగిలింది? చెయ్యే."

ఈసారి లిబార్దో తమ్ముణ్ణి కాదనలేదు. ఓర్ఫిలియాకి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది అదే. ఆ రాత్రి తన చేతుల్ని తనే పట్టి చూసుకుంది. నిజంగా నా చేతులేనా? అలా అనుమానం పుట్టించారు పాపిష్ఠివాళ్ళు.

లిబార్దోకి ఇంకో పనుంది, అది చెప్పాలి. శనివారం. తోట పని పోయాక ఆ మనిషికి మిగిలింది శనివారం ఒక్కటే. బండిని పెరట్లో పెట్టి, బకెట్టు నిండా సబ్బు నీళ్ళు, పాత దంతాల బ్రష్షుతో ఒక్కో ఊచా, ఒక్కో మరా తోమేవాడు. కడగడం అయ్యాక అసలు పని. కాఫీ మొక్కలకి పురుగుమందు కొట్టే డబ్బా ఉంది కదా, వీపుకి తగిలించుకునేది. అందులో డీజిలు పోసి, చెంచాడు పాత ఇంజనాయిలు కలిపి, దీపం నుంచి తోక దాకా సన్నగా పిచికారీ కొట్టేవాడు. నల్లని తుంపర. తుప్పు పట్టదు, బురద అంటదు, బండి అద్దంలా ఉంటుంది. మన కొండల్లో అందరూ కొడతారు. అయితే లిబార్దోలా ఎవరూ కొట్టలేరు. చక్రాల లోపలికి, ఊచల సందుల్లోకి, ఎక్కడా ఒక్క పొడి మచ్చ వదలడు. పొడి బట్టతో పైపైన తుడిచి, అరుగు మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్ళు బండి వంక చూస్తున్నారో లేదో చూసేవాడు. చూసేవాళ్ళు. "లిబార్దో, ఏం పెంచుతున్నావయ్యా బండిని!" అనేవాళ్ళు. ఆ ఒక్క పూట అతని మోకాలు నొప్పి పెట్టేది కాదు.

పండక్కి ఇంకొన్నాళ్ళుండగా, పెద్దాసుపత్రిలో మోకాలు చూపించుకోమని చీటీ వస్తే, లిబార్దో శుక్రవారం బస్సెక్కి పట్నం పోయాడు. శనివారం బండి కడిగే దిక్కు లేదు. ఓర్ఫిలియాకి రోలు దగ్గర్నుంచి లేచే తీరికే లేదు. ఆదివారం బురద బండి మీదే బుట్టలు కట్టింది. దణ్ణం పెట్టుకుని రెస్బలోసాలో దిగింది. బ్రేకు పట్టింది.

ఆగింది.

కొత్త బండిలా కాదు గానీ, ఆగింది. నమ్మలేక నడి వాలులో మళ్ళీ పట్టింది. మళ్ళీ ఆగింది. కిందికొచ్చి ఎవెలియోకి చెబితే, "ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి కుదురుతుంది వదినా," అన్నాడు. ఇంటికొచ్చి అత్తగారికి చెబితే, "కుదరదూ మరి? నేను తాయెత్తు మార్చాను," అంది. ఎవరి గొప్ప వాళ్ళది. బండి మాట వినేవాడు ఒక్కడూ లేడు.

లిబార్దో తిరిగొచ్చాడు. బండి మీద బురద చూసి తల పట్టుకున్నాడు. ఆ శనివారం కసిదీరా కడిగి, రెండు వారాల డీజిలు ఒక్కసారే కొట్టాడు. ఆదివారం ఓర్ఫిలియా రెస్బలోసా నెత్తిన, ఇంకా చదునుగా ఉన్నచోట, ముందు ఒకసారి బ్రేకు పట్టి చూసుకుంది. బండి వినిపించుకోలేదు. వాలు మొదలైపోతోంది. ఆవిడ గేరు తగ్గించి, రెండు కాళ్ళూ నేలకి ఆనించి, పక్కనున్న మట్టి గట్టుకి బండిని ఆనించేసింది.

అక్కడే దిగి నిలబడింది. పోయిన ఆదివారం ఆగిన బండి ఈ ఆదివారం ఆగలేదు. చెయ్యి అదే, తాయెత్తు అదే, బుట్టలు అవే. మధ్యలో ఏం జరిగింది? నాన్న మాట గుర్తొచ్చింది. గొంతుక్కూర్చుని ముందు చక్రం డిస్కు మీద వేలు పెట్టి రాసింది. వేలు సర్రున జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. శనివారం వాసన.

వెనక్కి వెళ్ళి, డ్రమ్ములోకి కడ్డీ దూరే సందు దగ్గర వేలు పెట్టింది. అక్కడా అదే తడి.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అంది పైకే. దార్లో పోతున్న ఆవు తల తిప్పి చూసింది.

మొదటి గేరులో ఇంజను చేతే పట్టిస్తూ, నడిచినంత నెమ్మదిగా కిందికి దిగి, కొట్లకి అరేపాలు వేసి, అలాగే ఇంటికొచ్చింది. లిబార్దో అరుగు మీదే ఉన్నాడు.

"ఇటు రావయ్యా. ఈ వేలు వాసన చూడు."

"డీజిలు," అన్నాడు.

"ఎక్కడిదో చెప్పు."

"నిన్న నేను కొట్టిందే."

"బ్రేకు మీద కొట్టావా?"

"బ్రేకు మీద ఎందుకు కొడతానే? బండి మీద కొట్టాను."

"బ్రేకు బండి మీద కాక మీ అమ్మ మీద ఉందా?"

"మధ్యలో నన్నెందుకు లాగుతారు?" అంది లోపల్నుంచి రొసాల్బా.

"నూనె రాసిన పెనం మీద రొట్టె జారుతుందా లేదా? జారుతుంది. అందుకే కదా రాస్తాం! ఆ ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటేనే బండి ఆగేది. నువ్వు వారం వారం వాటికి నూనె పడుతున్నావు. వారమంతా కాలి కాలి కాస్త ఆరేసరికి మళ్ళీ శనివారం! కొత్తవి తెచ్చి వాటికీ పట్టావు! నేనేమో నా చేతుల్ని తిట్టుకుంటూ కూర్చున్నాను!"

"ఊళ్ళో అందరూ కొడుతున్నారు," అన్నాడు లిబార్దో. "మా నాన్న జీపుకి కొట్టాడు. ఎవరికీ ఏం కాలేదు."

"అందరూ నీలా సందు సందుకీ కొట్టరు. పైపైన కొట్టి వదిలేస్తారు. నీ పనితనం నా ప్రాణం మీదికొచ్చిందయ్యా! పైన పటారం, లోన లొటారం. అంత మెరుస్తూ పోయి గోడకి గుద్దుకుంటే, ఆ మెరుగు నా శవపేటికకి పనికొస్తుందా?"

లిబార్దో మోకాలు రాసుకున్నాడు. "నేను చెయ్యగలిగింది అదొక్కటే ఉంది," అన్నాడు.

ఓర్ఫిలియాకి జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే మళ్ళీ కోపం వచ్చింది. ఇదే ఈ మనిషితో బాధ. నోరారా తిట్టుకోనివ్వడు కూడా.

మర్నాడు తనే పని పట్టింది. పెరట్లో బండి కింద చెక్కపెట్టె తోసి, ముందు చక్రం లేపింది. తిప్పి చూసింది. డిస్కు వంకర లేదు, తిన్నగానే తిరిగింది. ప్యాడ్లు ఊడదీసింది. మందంగానే ఉన్నాయి, కొత్తవి కదా. కానీ నల్లగా, నిగనిగలాడుతూ మొహం కనబడేలా ఉన్నాయి. బండికి పెట్టిన మెరుగు చాలక బ్రేకులకి కూడా పెట్టాడన్నమాట. గరుకు కాగితం తీసుకుని రుద్దింది. మెరుపు పోయింది గానీ, కాసేపు ఎండలో పెడితే లోపల్నుంచి నూనె మళ్ళీ చెమటలా పట్టింది. ఇక లాభం లేదని పారేసి, కింది కొట్లో కొత్త ప్యాడ్లూ, వెనక్కి కొత్త బ్రేకు షూలూ తెచ్చుకుంది.

"డిస్కుని సోంపు సారాతో తుడువు. నూనె ఇట్టే వదుల్తుంది," అన్నాడు లిబార్దో గుమ్మంలోంచి. అలిగాడు గానీ చూడకుండా ఉండలేకపోయాడు.

"ఆ సారాలో చక్కెర ఉంటుంది. జిగట పడుతుంది. అడ్డమైనవీ రాసింది చాలు."

వేడి సబ్బు నీళ్ళతో డిస్కూ డ్రమ్మూ కడిగి, ఆరాక, మందుల షాపు స్పిరిట్టుతో తుడిచింది. తుడిచిన గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచింది. వేలితో ముట్టనివ్వలేదు, తన వేలితో కూడా. వెనక షూలు బిగించి, మొగుడు బిగించి చంపిన నట్టు వదులు చేసి, పెడలు కాస్త కిందికి దిగాకే పట్టేలా పెట్టింది. ఒక మర ఎంతకీ పట్టకపోతే గుమ్మంలోంచి ఒక చెయ్యి వచ్చి సరైన పానా అందించింది.

"ఆడదాని చేతిలో పానా! కార్మెన్ మాతా, ఏం చూపిస్తున్నావు తల్లీ!" అంది రొసాల్బా. అన్నది గానీ, కోడలికి ఒక కప్పు కాఫీ కూడా పక్కన పెట్టి పోయింది.

సాయంత్రం మైదానంలో బండి నడుపుతూ, మెల్లిగా పడుతూ, వదుల్తూ, మళ్ళీ పడుతూ, కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడేదాకా చుట్లు తిరిగింది. చివరి చుట్టులో గట్టిగా పట్టింది. బండి నిలబడిపోయింది. ఆవిడ హ్యాండిలు మీద తల వాల్చేసింది.

ఆ ఏడు పండగ ఆదివారం పడింది. శనివారం ఊరంతా బళ్ళు కడిగింది. ఓర్ఫిలియా అరేపాలు కాల్చి పెరట్లోకొస్తే, తన బండి సబ్బు నీళ్ళతో మాత్రమే కడిగి ఉంది. చక్రాలకి ఏమీ అంటకుండా ఆవిడ మొక్కజొన్న సంచులే చుట్టి, తాడు కట్టి, ఆ పైన సీటూ టాంకూ పొడి బట్టతో తుడిచాడు లిబార్దో. మెరవట్లేదు. ఓర్ఫిలియాకి కళ్ళు చెమర్చాయి. అంతలో గోడకి ఆనించిన మందు డబ్బా కనబడింది. ఎత్తి చూసింది. ఖాళీ.

"ఇందులో డీజిలేదయ్యా?"

"ఎవెలియో తన బండి తెచ్చాడు. పండగ కదా, కొట్టమన్నాడు. వాణ్ణి చూసి పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు…"

"కొట్టావా?"

"మన బండికి వద్దన్నావు. వాళ్ళ బళ్ళకి వద్దనలేదు కదా."

"ఓరి దేవుడా! చెప్పావా వాళ్ళకి?"

"ఏమని చెప్పమంటావే? నా పెళ్ళాం కనిపెట్టిందని చెప్పనా? నవ్వుతారు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ పూర్తిగా నమ్మకం కుదర్లేదు," అన్నాడు.

నెత్తి బాదుకోవడానికి కూడా ఓపిక లేక ఓర్ఫిలియా ఇంటింటికీ తిరిగింది. చక్రాలు కడుక్కోండి, లేదా రేపు మొదటి గేరులో దిగండి అని మొత్తుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఎవెలియో అయితే తలుపు కూడా పూర్తిగా తెరవలేదు.

"వదినా, నీ చేతికి వచ్చిన జబ్బు మా బళ్ళకి అంటించకు. రేపు ఆ కొనేవాడు వస్తాడు, ఎలాగైనా బండి చూపిద్దాం."

ఆదివారం కొండ మీద బ్యాండు మోగింది, తారాజువ్వలు లేచాయి. పూలు కట్టిన ట్రక్కు మీద కార్మెన్ మాత ముందు, వెనక బళ్ళన్నీ. అన్నీ తళతళా మెరుస్తున్నాయి. వాటి మధ్య ఓర్ఫిలియా బండి ఒక్కటే మసకగా ఉంది. మన ఊళ్ళో మగవాడు పెళ్ళాం వెనక కూర్చోడు, కానీ లిబార్దో మోకాలి వంకతో కూర్చున్నాడు. కొత్త తెల్ల చొక్కా, ఇస్త్రీ చేసింది. ఫాదరుగారు ఒక్కో బండి మీదా దీవెన నీళ్ళు చల్లారు. డీజిలు మీద పడ్డ నీళ్ళు ముత్యాల్లా దొర్లి కింద పడ్డాయి.

"మన బండి మీద నీళ్ళు నిలిచాయే," అన్నాడు లిబార్దో, ఏదో ఒకటి అనాలని.

"నోర్మూసుకుని గట్టిగా పట్టుకో."

రెస్బలోసాలో దిగారు. ఎవెలియో సరిగ్గా వెనకే, హారన్ కొడుతూ, "కదులు వదినా, సాయంత్రం చేస్తావా?" అంటున్నాడు. వాలు అడుగున, సంత మొదట్లో, తారాజువ్వకి బెదిరిన కుక్కొకటి దారికడ్డం వచ్చింది. మాత ట్రక్కు టక్కున ఆగింది.

ఓర్ఫిలియా పట్టింది. బండి ఆగింది. లిబార్దో ముక్కు ఆవిడ వీపుకి గుద్దుకుంది.

వెనక ఎవెలియో కూడా పట్టాడు. పట్టిన చెయ్యి తెల్లబడేలా పట్టాడు. బండి మాత్రం జారుకుంటూ వచ్చి ఓర్ఫిలియా బుట్టల చట్రానికి ధడాలున తగిలింది. వాడి వెనకవాడు వాడికి, ఆ వెనకవాడు వీడికి. ఎవరికీ పెద్ద దెబ్బలు లేవు, పండగ పూట నెమ్మదిగా నడుస్తున్నారు కాబట్టి. అద్దాలు పగిలాయి, పూలు రాలాయి. బ్యాండు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవెలియో గొంతు సంతంతా వినబడింది.

"పట్టాను! బ్రేకు పట్టాను! ఆగలేదు!"

అరటికాయలామె ముందు నవ్వింది. తర్వాత ఎవెలియోకే తన మాట తనకి వినబడినట్టుంది, మీసాల కింద నోరు మూతపడింది. ఓర్ఫిలియా వెనక్కి తిరిగి వాణ్ణి చూసింది. ఎన్నో మాటలు దాచుకుంది ఈ రోజు కోసం. వాటి అవసరమే కనబడలేదు.

గుంపులోంచి టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. కింద ఊరి నుంచి కొనడానికొచ్చింది ఆయనే.

"ఎవెలియో, నువ్వు అమ్ముతానన్నది ఈ ఆగిన బండే కదా? అయితే తీసుకుంటాను," అన్నాడు.

లిబార్దో బండి దిగాడు. కుంటుతూ తమ్ముడి బండి దగ్గరికి వెళ్ళాడు. వంగని మోకాలితో అవస్థపడి వంగి, ముందు డిస్కు మీద వేలు పెట్టి రాశాడు. వాసన చూశాడు. ఆ వేలు తమ్ముడి ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇది నేను కొట్టిందే రా," అన్నాడు. సంతలో అందరూ వింటూనే ఉన్నారు. "మీ అందరి బళ్ళకీ నేనే కొట్టాను. మీ వదిన చెయ్యి కాదు. మొదట్నుంచీ నాదే తప్పు. తను చెప్పింది, నేను నమ్మలేదు." ఆ తర్వాత టోపీ ఆయన వైపు తిరిగాడు. "బండి అమ్మట్లేదండీ. అది ఆవిడది. కాగితాలు కూడా ఆవిడ పేరున మార్పిస్తాను."

అని, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, నూనె వేలు చొక్కాకి పైనుంచి కింది దాకా తుడుచుకున్నాడు.

ఆ సంత మధ్యలో, మాత ముందర, ఏడిస్తే ఊరు ఇంకో ఏడాది చెప్పుకుంటుందని ఓర్ఫిలియాకి తెలుసు. అందుకని అరిచింది.

"కొత్త తెల్ల చొక్కాకా తుడిచావు! అది ఉతికేదెవరనుకున్నావయ్యా? ఎక్కు, ఎక్కు బండి!"